నుయ్యి మంచిదే, మోటారూ మంచిదే

పాఠకుల ప్రశ్నలు, మోటారు మేస్త్రి జవాబులు

ఎండలు ముదిరాయి. ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం ఒకటే గోల: మోటారు తిరుగుతోంది, నీళ్లెత్తడం లేదు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ల పైన పానా పట్టినవాణ్ని. పొద్దున్న షాపు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒకాయన "నీళ్లెత్తట్లేదు మేస్త్రీ" అనేవాడు, పక్కనే ఇంకొకాయన ఒడియాలో "పాణి ఉఠు నాహీ" అనేవాడు. భాషలు రెండు, జబ్బు ఒకటే. ఇద్దరి చేతుల్లోనూ గోనెసంచి కట్టిన మోటారు ఉండేది. నేను అడిగేదీ ఇద్దర్నీ ఒకటే. మోటారు సరే, పైపేదీ?

ఆ ప్రశ్న ఈసారి కాగితం మీద అడగాల్సి వస్తోంది.

ప్రశ్న: బాబుగారికి నమస్కారం. మాది కాశీనగర్ దగ్గర పల్లె. పెరట్లో ముప్పై అడుగుల నుయ్యి ఉంది. ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు నూతి పక్కన సిమెంటు దిమ్మ మీద పెట్టించాం. ఇంచుంబావు పీవీసీ పైపు నూతిలోంచి వచ్చి, గట్టు మీద వంగి, ఇవతలికి దిగి మోటారుకి తగులుతుంది. గట్టు మీది వంపులో ఒక టీ (మూడు మూతుల అతుకు), దానికి మర బిరడా ఉన్నాయి. అక్కణ్ణుంచే నీళ్లు పోస్తాం. కార్తీకంలో ఒక చెంబు పోస్తే చాలేది. ఇప్పుడు పొద్దున్నే రెండు బిందెలు పోసినా నిండదు. ఎలాగో నింపి స్విచ్చి వేస్తే రెండు నిమిషాలు బాగా వస్తుంది. తర్వాత ధార సన్నబడి ఆగిపోతుంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మెకానిక్ ముందు కెపాసిటర్ మార్చాడు, తర్వాత ఇంపెల్లర్ మార్చాడు, ఇప్పుడు మోటారే మార్చి రెండు హెచ్‌పీది వేసుకోమంటున్నాడు. మా అత్తగారు పేడనీళ్లు పొయ్యమంటున్నారు. గట్టు మీంచి తాడు వేసి చూస్తే నీళ్లు ఇరవై నాలుగు అడుగులకి తగిలాయి. ఏం చెయ్యమంటారు? — ఒక గృహిణి, కాశీనగర్

జవాబు: ముందు ఆ తాడు వేసి కొలిచినందుకు మీకు దండం పెట్టాలమ్మా. నూటికి తొంభై మంది "నుయ్యి లోతే బాబూ" అని రాస్తారు. లోతంటే ఎంత? మీరు అడుగులు రాశారు కాబట్టి ఇంట్లో కూచునే జబ్బు చెప్పగలుగుతున్నాను.

మోటారు మార్చకండి. కెపాసిటర్ పోయిన మోటారు అసలు లేవదు, గుంయ్‌మని మూలుగుతూ వేడెక్కుతుంది. మీది లేచింది, తిరుగుతోంది. ఇంపెల్లర్, అంటే లోపల తిరిగి నీళ్లు విసిరే చక్రం, అరిగితే మొదటి నిమిషం నుంచే ధార నీరసంగా ఉంటుంది. మీకు రెండు నిమిషాలు బాగా వచ్చి, తర్వాత తగ్గుతోంది. అంటే మోటారు తన పని తాను చేస్తోంది, దానికి నీళ్లు అందించేవాళ్లు మధ్యలో చెయ్యి వదిలేస్తున్నారు. ఆ రెండు సామాన్లకీ పెట్టిన డబ్బు పోయింది. దాన్ని తిరిగి తెచ్చే ఉపాయం నా దగ్గర లేదు.

ఒక సంగతి చెప్తాను, ఇది పట్టుబడితే తక్కినదంతా మీకే తెలుస్తుంది. మోటారు నీళ్లని లాగదు. మనం "లాగుతోంది" అంటాం గానీ నీళ్లని తాడు కట్టి లాగలేం కదా. మోటారు చేసేదల్లా పైపులో తన వైపు ఖాళీ చెయ్యడం. అప్పుడు నూతిలో నీళ్ల మీద కూర్చున్న గాలి బరువు వాటిని పైపులోకి తోస్తుంది. ఆ తోపుడు ఎంతలా తోసినా ముప్పై నాలుగు అడుగులకి మించదు, అదీ సముద్రమట్టం దగ్గర, పైపులో ఒక్క చుక్క గాలి లేకుండా ఉంటే. పైపు రాపిడి, పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు అడ్డు, మోటారు లోపలికి పోవడానికి కావలసిన తోపుడు, ఇవన్నీ తీసేస్తే చేతికి మిగిలేది ఇరవై రెండు, మహా అయితే ఇరవై నాలుగు అడుగులు. హెచ్‌పీ పెంచితే మోటారు దాటాక నీళ్లు ఇంకా ఎత్తుకి వెళ్తాయి, ఇంకా ఎక్కువ వస్తాయి. కింద నుంచి తోసే గాలికి మీ మోటారు ఎన్ని హెచ్‌పీయో తెలియదు. పైగా రెండు హెచ్‌పీది ఇదే పైపులోంచి ఎక్కువ నీళ్లు అడుగుతుంది, రాపిడి పెరుగుతుంది, ఇప్పటికంటే ముందే ఆగుతుంది.

ఇక మీ పైపు దగ్గరికి రండి. అక్కడ రెండు జబ్బులున్నాయి, రెండూ కలిసి ఒకటిలా కనబడుతున్నాయి.

మొదటిది ఆ రెండు బిందెల లెక్క. ఇంచుంబావు పీవీసీ పైపు మీటరు పొడుగుకి ఇంచుమించు లీటరు నీళ్లు పడుతుంది. మీ పైపు మొత్తం ముప్పై అయిదు అడుగులు వేసుకోండి, పదకొండు లీటర్లు. మోటారు పొట్టకి ఇంకో లీటరు, మోటారు నుంచి నీళ్లు బయటికి తీసుకుపోయే డెలివరీ పైపులోకి ఎక్కేవి ఇంకో రెండు మూడు. అంతా కలిపినా ఒక బిందెకి అటూ ఇటూ. రెండో బిందె ఎక్కడికి పోయింది? అడుగున ఫుట్‌వాల్వులోంచి నూతిలోకే. వాల్వు నాలుక కింద ఇసుక రేణువో, ఆకు ఈనో, చిన్న నత్తగుల్లో ఇరుక్కుని ఉంటుంది. లేదా ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది. కార్తీకంలో ఒక చెంబుతో సరిపోయిందంటే అప్పటికి వాల్వు బాగానే పట్టుకునేది.

దీన్ని తేల్చడానికి మెకానిక్ అక్కర్లేదు. రాత్రి టీ నిండా నీళ్లు పోసి, బిరడా పెట్టకుండా తెరిచే ఉంచండి. మోటారు వెయ్యకండి. అయిదు నిమిషాలకోసారి చూడండి. మట్టం దిగిపోతుంటే పైపంతా ఒకసారి తడుముతూ రండి. పైపులో ఎక్కడైనా సందుంటే, ఇప్పుడు లోపల నీళ్ల బరువుంది కాబట్టి ఆ సందులోంచి బయటికి చెమరుస్తుంది. బయటెక్కడా తడి లేదు, మట్టం మాత్రం దిగుతోంది అంటే దొంగ అడుగునే ఉన్నాడు.

రెండో జబ్బు మీ గట్టు మీద కూర్చుంది. ఆ వంపు. తాపీమేస్త్రికి గట్టు పగలగొట్టడం ఇష్టం లేక పైపుని గుర్రం ఎక్కించినట్టు ఎక్కించాడు. పీల్చే పైపు నూతిలోంచి మోటారు దాకా ఎక్కుతూనే రావాలి, మధ్యలో ఎక్కడా ఎక్కి దిగకూడదు. ఎక్కి దిగిన చోట గాలి చేరుతుంది. నీళ్లలో కరిగి ఉన్న గాలి కూడా పీల్పు పెరిగేసరికి బుడగలై పైకొచ్చి ఆ వంపులోనే కూర్చుంటుంది. రెండు నిమిషాలకి గాలి ముద్ద పైపంత అవుతుంది, ధార తెగుతుంది. వంపు మూలాన మీరు ఇంకోటి కూడా పోగొట్టుకుంటున్నారు. మోటారు నేల మీదున్నా నీళ్లు మాత్రం గట్టంత ఎత్తుకి, ఇరవై నాలుగు అడుగులకి ఎక్కితీరాలి. గట్టు మూడడుగులనుకుంటే నేల నుంచి నీళ్లకి ఉన్నది ఇరవై ఒకటే. మిగతా మూడూ ఊరకే మోస్తున్న బరువు.

ఇప్పుడు ఆ బిరడా సంగతి. రోజూ పొద్దున్న విప్పి, నీళ్లు పోసి, బిగించే బిరడా. దాని మరలు అరగవా? పైగా అది ఉన్నది సరిగ్గా పీల్పు అన్నిటికంటే ఎక్కువుండే చోట, వంపు నెత్తి మీద. కార్తీకంలో నీళ్లు పైకున్నాయి, పీల్పు తక్కువ, బిరడా ఆగింది. ఇప్పుడు పీల్పు రెట్టింపయింది, బిరడా సందులోంచి గాలి సర్రున లోపలికి పోతోంది. బయటికి చుక్క కారదు కాబట్టి ఎవరి కంటికీ కనబడదు. పీల్చే పైపుకి సందు పడితే నీళ్లు కారవు, గాలి దూరుతుంది. ఈ తేడా తెలియక నేను చెడిన రోజులున్నాయి, కింద చెప్తాను.

మీరు చెయ్యవలసిన పరీక్ష వంటింట్లోనే ఉంది. చపాతీ పిండిలా గోధుమపిండి ముద్ద కలపండి, కాస్త పలచగా. నీళ్లు నింపి, బిరడా బిగించి, ఆ పిండి బిరడా చుట్టూ, టీ మొదళ్ల చుట్టూ మెత్తండి. అప్పుడు మోటారు వెయ్యండి. రెండు నిమిషాలు నడిచేది అయిదు నిమిషాలు నడిచిందా? దొంగ దొరికాడు. కొన్ని చోట్ల పిండి లోపలికి గుంట పడడం కూడా కనబడుతుంది.

నా సంగతి చెప్తానన్నాను. పని నేర్చుకున్న కొత్త. పాతపట్నంలో మా అక్క ఇంట్లో మోటారు ఇలాగే నడిచి ఆగేది. ఆదివారం సైకిలెక్కి, రాష్ట్రం దాటి, వెళ్లి మోటారు విప్పాను. సీలు మార్చాను. రెండు రోజులు నడిచి ఆగింది. మళ్లీ ఆదివారం వెళ్లి నూతిలోంచి పైపు లాగించి ఫుట్‌వాల్వు మార్చాను. బావ నోరెత్తలేదు గానీ భోజనం దగ్గర ముఖం చూడలేదు. మూడో ఆదివారం నేను మోటారు ముందు గొంతుక్కూర్చుని ఉంటే అక్క తులసికోట దగ్గర పూజ చేసి, ఒక అగరొత్తి తెచ్చి మోటారు పక్క ఇటికల సందులో గుచ్చింది, మోటారుకి కూడా దేవుడి దయ కావాలని కాబోలు. పొగ నిటారుగా లేచి, జానెడు ఎత్తున పక్కకి వంగి, పాము కలుగులోకి దూరినట్టు పైపుల్ని కలిపే యూనియన్ పక్కన నిపుల్ అనే చిన్న మరల ముక్కలోకి పోతోంది. చెయ్యి అడ్డం పెడితే ఆగింది, తీస్తే మళ్లీ దూరింది. నిపుల్ విప్పి చూస్తే టెఫ్లాన్ టేపు కింద వెంట్రుకంత పగులు. "ముందే పూజ చేయించుకోవాల్సింది కదరా" అంది అక్క. అప్పట్నుంచీ నా సంచిలో పానాలతో పాటు అగరొత్తుల ప్యాకెట్టు ఉండేది. గాలి లేని పొద్దుటి పూట వెలిగించి, ప్రతి అతుకు దగ్గరా పట్టుకుని చూడండి. పీవీసీ పైపుకి నిప్పు మాత్రం తగలనివ్వకండి.

ఇక మరమ్మతు. గట్టుకి నేల మట్టంలో పైపు పట్టేంత చిల్లు కొట్టించండి. పైపు అందులోంచి నేరుగా, మోటారు వైపు కొంచెం ఎక్కుడుగా రావాలి. వంపు, టీ, బిరడా, మూడూ పోతాయి. నీళ్లు పొయ్యడానికి మోటారు మీదే ప్రైమింగ్ బిరడా ఉంటుంది, లేదా డెలివరీ మీద టీ పెట్టి గరాటు పెట్టుకోండి. అక్కడ మరలు అరిగినా గాలి దూరదు, కారితే కారుతుంది, కంటికి కనబడుతుంది. చేతిలో డబ్బుంటే పీల్చే పైపు ఇంచిన్నరది వేయించండి, రాపిడి తగ్గుతుంది. మోటారు దగ్గర పెద్ద పైపుని చిన్న మూతికి కలిపే రెడ్యూసర్ పెడతారు. ఫుట్‌వాల్వు కూడా ఇంచిన్నరదే ఉండాలి, నూతి అడుక్కి అడుగెత్తున ఆగాలి, నీళ్లలో కనీసం రెండడుగులు మునగాలి. డెలివరీ మీద గేటువాల్వు ఉంటే ఈ రెండు నెలలూ సగం మూసి నడపండి. ధార తగ్గుతుంది, కానీ తెగదు.

ఇదంతా చేశాక కూడా పది నిమిషాలకి ఆగితే వెంటనే తాడు వెయ్యండి. నూతిలో ఊట తక్కువై మట్టమే దిగిపోయి ఉండొచ్చు. వైశాఖం చివరికి నేల నుంచి నీళ్లు ఇరవై నాలుగు దాటితే ఏ మేస్త్రీ పై మోటారుని ఒప్పించలేడు. అప్పుడు నీళ్లలో మునిగే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ ఒకటే దారి, అది కింద నుంచి నెడుతుంది కాబట్టి ఈ గొడవే లేదు. కొందరు నూతి లోపల గోడకి దూలాలు గుచ్చి మోటారుని అయిదారు అడుగులు కిందికి దింపుతారు. మంచి పద్ధతే, వానాకాలం రాకముందే పైకి తీసుకోవాలి. కరెంటు మోటారు దింపండి గానీ డీజిల్ ఇంజను మాత్రం నూతిలోకి దింపకండి. దాని పొగ కిందే నిలిచిపోతుంది, దిగిన మనిషి మళ్లీ ఎక్కడు.

మీ అత్తగారి మాట కొట్టెయ్యలేను. పేడనీళ్లు పోస్తే అందులోని గడ్డి నార వెళ్లి వాల్వు నాలుక సందులో కూర్చుంటుంది, నీళ్లు ఆగుతాయి. పొలం బోదెల దగ్గర నేనూ పోశాను, పూట గడిచింది. కానీ మీది ఇంటి నుయ్యి. ఆ నీళ్లు వాడుకుంటారు, తాగుతారు కూడానేమో. వాల్వు విడిచినప్పుడల్లా ఆ పేడ నూతిలోకే దిగుతుంది. అత్తగారితో నా పేరు చెప్పి ఈ ఒక్కసారికి వద్దనండి.

ప్రశ్న: అంకుల్, మాది పర్లాకిమిడే. ఉద్యోగం మీద కోరాపుట్ వచ్చాను. ఇంటి దగ్గర ఇరవై మూడడుగుల మట్టం నుంచి బాగా ఎత్తిన మోటారే ఇక్కడికి తెచ్చుకున్నాను. ఇక్కడ నూతిలో మట్టం కూడా ఇరవై మూడే. అదే మోటారు, కొత్త పైపు, కొత్త ఫుట్‌వాల్వు, అతుకులన్నీ రెండుసార్లు చూసుకున్నాను. చుక్క రావడం లేదు. దారిలో దెబ్బ తిందంటారా? — కోరాపుట్ నుంచి ఒక యువకుడు

జవాబు: దెబ్బ తినలేదు బాబూ, కొండెక్కింది. పై జవాబులో గాలి బరువు నీళ్లని తోస్తుందన్నాను కదా. ఆ గాలి కొండ మీద పలచన. కోరాపుట్ సముద్రమట్టానికి ఇంచుమించు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి తోపుడు ముప్పై నాలుగు అడుగులు కాదు, ముప్పై ముప్పావు లోపే. పర్లాకిమిడి పల్లంలో ఉంది, అక్కడికీ ఇక్కడికీ ఇంచుమించు మూడడుగుల తేడా. పర్లాకిమిడిలో అంచు మీద నడిచిన మోటారు కోరాపుట్‌లో అంచు దాటింది. మీకు ఇక్కడ ఇరవై అడుగులే హద్దని పెట్టుకోండి.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో అడగండి, పర్లాకిమిడిలో కంటే ఇక్కడ కందిపప్పు ఉడకడం ఆలస్యమవుతోందా అని. అదీ ఈ పలచ గాలి పనే. కోరాపుట్‌లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కరు వాడితే ఈ తేడా తెలియదు, గిన్నెలో వండితే తెలుస్తుంది.

ఈ లెక్క పట్టినవాడు ఇటలీలో టారిచెల్లి అనే శాస్త్రవేత్త, 1643లో. నీళ్లతో చెయ్యాలంటే ముప్పై నాలుగు అడుగుల గొట్టం కావాలి, ఎవరు నిలబెడతారు? పాదరసం తీసుకున్నాడు. నీళ్ల కంటే 13.6 రెట్లు బరువు కాబట్టి 76 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఆ రెండంకెలూ గుణించి చూడండి, మీటర్లలో మన నూతి హద్దు వస్తుంది. అంతకు ముందే అక్కడి పంపు మేస్త్రీలు ఒక లోతు దాటితే నీళ్లు ఎక్కవని గోల పెడుతూనే ఉన్నారట. అంటే ముందు తెలిసింది మా వాళ్లకే.

మీకు పని చెప్తాను. మోటారుని నూతిలో నాలుగడుగులు కిందికి దింపి దిమ్మె కట్టించుకోండి. అద్దె ఇల్లయి, ఇంటివారు ఒప్పుకోకపోతే ఆ మోటారు పర్లాకిమిడి పంపించేసి సబ్‌మెర్సిబుల్ తెచ్చుకోండి. అమ్మకండి, అది మంచి మోటారు.

ప్రశ్న: అరహెచ్‌పీ సెల్ఫ్ ప్రైమింగ్ మోటారు కొన్నాం. డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. వారం రోజులు ఊరెళ్లి వచ్చి వేస్తే నీళ్లు రావు. సెల్ఫ్ అంటే తనంతట తనే కదా? నీళ్లు మనం పొయ్యడమేమిటి? — గుణుపురం పాఠకుడు

జవాబు: డబ్బా అబద్ధం చెప్పలేదు, పూర్తిగా చెప్పలేదు. పైపు నింపక్కర్లేదు గానీ మోటారు పొట్ట నిండా నీళ్లుండాలి. ఆ నీళ్లనే తిప్పి తిప్పి పైపులోని గాలిని కొంచెం కొంచెంగా బయటికి తోసేస్తుంది. వారం పాటు పొట్ట ఎండిపోతే తోసేందుకు ఏముంది? రెండు చెంబులు పోసి వెయ్యండి.

పోసినా రాకపోతే పైన ట్యాంకు పైపు చూడండి. అందులో నీళ్లు నిండి నిలబడి ఉన్నా, మధ్యలో నీళ్లని ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు ఉన్నా, ఈ గాలి పోవడానికి దారుండదు. పాపం మోటారుకి నీళ్లని నెట్టే బలం ఉంది, పలచటి గాలితో రెండంతస్తుల నీళ్ల బరువు ఎత్తే బలం లేదు. డెలివరీ మొదట్లో ఒక కుళాయి పెట్టించి, వేసేటప్పుడు అది తెరిచి ఉంచండి. గాలి బుస్సుమని పోయి నీళ్లు రాగానే కట్టెయ్యండి.

మీరు వంశధార ఒడ్డు ఇసుక బోరు అని కింద చిన్నక్షరాలతో రాశారు. అది పైన రాయాల్సింది. ఈ చిన్న మోటార్లలో ఇంపెల్లరుకీ గోడకీ మధ్య సందు కాగితమంత. ఇసుక నీళ్లు ఒక్క ఏడాది తోడితే ఆ సందు అట్టముక్కంత అవుతుంది. అప్పుడు నీళ్లు నింపితే నడుస్తుంది గానీ గాలి తొయ్యలేదు. కొన్నాళ్లకి మీకు "పాత మోటారు, పొట్ట నింపినా రావట్లేదు" అని ఇంకో ఉత్తరం రాసే పని పడుతుంది. ఆలోపే పీల్చే వైపు జల్లెడ ఒకటి పెట్టించుకుని నెలకోసారి కడగండి.

ప్రశ్న: రాయగడ దగ్గర నాగావళి ఒడ్డున మాకు మూడు హెచ్‌పీ త్రీఫేజు మోటారుంది. మొన్న గాలివానకి తీగలు తెగితే లైను బాగుచేశారు. ఆనాటి నుంచీ మోటారు శబ్దం బాగానే ఉంది, నీళ్లు పొలం దాకా రావడం లేదు. పైపులో నీళ్లు నిండి ఉన్నాయి, కారడం లేదు. — ఒక రైతు

జవాబు: మోటారు తిరగబడి తిరుగుతోంది. లైను అతికేటప్పుడు ఫేజులు తారుమారైతే ఇలాగే అవుతుంది. సింగిల్ ఫేజువాళ్లకి ఈ బాధ లేదు. మోటారు ఒంటి మీద పోతలోనే ఒక బాణం గుర్తుంటుంది, రంగులు వేసీ వేసీ పూడిపోయి ఉంటుంది, గోటితో గీరండి. స్విచ్చి వేసి వెంటనే ఆపేసి, వెనక ఫ్యాను ఎటు తిరిగి ఆగుతోందో చూడండి. బాణానికి ఎదురైతే స్టార్టరు దగ్గర మూడు తీగల్లో ఏ రెండైనా అటుదిటు మార్చాలి. మెయిన్ తీసి, లైసెన్సున్నవాడి చేత చేయించండి. నది ఒడ్డు తడినేల, మీరు చెప్పులు లేకుండా నిలబడి ఉంటారని నాకు తెలుసు.

ఇన్నాళ్లు ఎదురు తిరిగింది కాబట్టి ఇంపెల్లర్ నట్టు వదులయిందేమో అదీ చూడమనండి. షాఫ్టు చుట్టూ గ్లాండులో తాడు కూరి నీళ్లు ఆపే పాత రకమైతే నడుస్తున్నప్పుడు అక్కణ్ణుంచి చుక్క చుక్కగా నీళ్లు పడుతుండాలి. అసలు పడకపోతే గ్లాండు మరీ బిగుసుకుందేమో, కాస్త వదులు చెయ్యండి; ధారగా కారుతుంటే గ్లాండు నట్లు రెండువైపులా సమానంగా, పావు పావు చుట్టు బిగించండి. పూర్తిగా ఆగేదాకా బిగించారో, షాఫ్టు కాలిపోతుంది.